అమరావతి రాతికి ఏఐ రంగు వేస్తే

అమరావతి మ్యూజియంలో చెక్కడపు పలక ఒకటి గోడకు ఆనించి ఉందనుకుందాం. ఒక విద్యార్థి అనుమతి తీసుకుని, అటూ ఇటూ జరుగుతూ, వంగుతూ లేస్తూ ఫోన్‌తో 150 ఫొటోలు తీశాడు. ఒక ఫొటోలో పడిన భాగంలో ఎక్కువ వంతు పక్క ఫొటోలో కూడా పడేలా చూసుకున్నాడు. విజయవాడలోని తన గదికి వెళ్లి వాటిని కంప్యూటర్‌కు ఇస్తే తెల్లారేసరికి పలక త్రీడీ మోడల్‌గా తెర మీద తిరుగుతోంది. ముందు వైపు చూస్తే ఉలి దెబ్బలు కూడా కనిపిస్తున్నాయి. వెనక్కి తిప్పితే మాత్రం ఏమీ లేదు. గోడకూ పలకకూ మధ్య కెమెరా దూరలేదు. పై అంచు మీద కూడా అక్కడక్కడా ఖాళీలే, అంత ఎత్తుకు చెయ్యి అందలేదు.

ఇలాంటి ఖాళీలను ఇప్పుడు జనరేటివ్ ఏఐకి అప్పగిస్తున్నారు. "పాత సున్నపురాయి, అరిగిన ఉపరితలం" అని ఒక ముక్క టైపు చేస్తే చాలు, నిమిషాల్లో వెనుక వైపంతా రాయిలా నిండిపోతుంది. పగుళ్లు, పాచి, మట్టి మరకలు అన్నీ వస్తాయి. ఫొటో ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు.

వీడియో గేమ్ కోసం చేసే మోడల్‌లో ఆ అతుకు దొరక్కపోవడం పనితనం. శాస్త్రం కోసం చేసే మోడల్‌లో అదే పెద్ద లోపం. శాస్త్రీయ మోడల్‌లో ప్రతి రంగూ ఒక మాట చెబుతుంది: ఈ రాయి ఇక్కడ ఇలా ఉంది, ఈ కణజాలం ఇక్కడ ఇలా మారింది అని. ఆ మాట కొలిచి చెప్పిందా, ఊహించి చెప్పిందా అన్నది చూసేవారికి తెలియాలి.

కర్ర వేరు, పూత వేరు

కొండపల్లి బొమ్మల తయారీ దగ్గర నుంచి చూసినవారికి త్రీడీ మోడల్ సంగతి తొందరగా అర్థమవుతుంది. తెల్ల పొణికి కర్రను చెక్కి, విడి భాగాలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. రంగు పడకముందు కూడా ఏనుగు ఏనుగే. కానీ ఏనుగు చర్మం ఎక్కడిదాకా ఉంది, అంబారీ కింద పరిచిన గుడ్డ ఎక్కడ మొదలైంది అన్నది కుంచె చెబుతుంది. త్రీడీ మోడల్‌లో రూపం అంటే లక్షల చిన్న త్రిభుజాలతో అల్లిన వల. దాన్ని మెష్ అంటారు. దాని మీద కప్పే పూతే టెక్స్చర్.

బత్తాయి తొక్కను ఒలిచి బల్ల మీద పరిస్తే ఎలా ఉంటుందో, మెష్ ఉపరితలాన్ని అలా విప్పి చదునైన బొమ్మగా పరుస్తారు. రంగులన్నీ ఆ చదును బొమ్మ మీద ఉంటాయి. తిరిగి చుట్టేస్తే మోడల్‌కు పూత పడుతుంది. ఈ పూతలో పొరలు చాలా ఉంటాయి. ఒకటి వస్తువు సొంత రంగును చెబుతుంది. ఇంకొకటి ఉపరితలం గరుకా నునుపా చెబుతుంది, ఎంత మెరవాలో దాన్నిబట్టి తేలుతుంది. మరొకటి లోహమా కాదా చెబుతుంది. నార్మల్ మ్యాప్ అనే పొర దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

నార్మల్ మ్యాప్ వెలుగుకు దారి చూపే పొర. మెష్ నిజానికి చదునుగా ఉన్నా, "ఇక్కడ చిన్న గాడి ఉంది, వెలుగు ఇటు వంగాలి" అని ఈ పొర చెబితే తెర మీద గాడి కనిపిస్తుంది. త్రిభుజాల సంఖ్య పెంచకుండా సన్నని వివరాలు చూపడానికి కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో చాలాకాలంగా వాడుతున్న ఉపాయం ఇది. స్కాన్‌లో కొలిచిన వివరాన్ని ఈ పొరలో దాచుకుంటే తప్పేమీ లేదు. కానీ ఏఐ టూల్స్‌లో కొన్నిటికి రంగుతో పాటు ఈ పొరను కూడా సొంతంగా తయారుచేసి ఇచ్చే అలవాటు ఉంది. రంగు అడిగితే రూపం కూడా మారి వస్తుందన్నమాట. మెష్ ఫైలు చెక్కుచెదరలేదు కాబట్టి కొలతలు సరిగ్గానే ఉన్నాయని చేసినవారు అనుకుంటారు. చూసేవారికి మాత్రం లేని గాడి కనిపిస్తుంది. ఈ పనిలో ఉన్న ప్రమాదాలన్నిటిలో ఎక్కువ హాని దీనివల్లే. రంగు తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఈ పొర మీదకు ఎవరి చూపూ పోదు.

ఏఐ ఎలా పూస్తుంది

పద్ధతి కొంచెం తెలిస్తే ఏ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. ముందు రంగు లేని మోడల్‌ను ఒక వైపు నుంచి చూసి, ప్రతి బిందువు కెమెరాకు ఎంత దూరంలో ఉందో నలుపు తెలుపుల్లో బొమ్మ తీస్తారు. దగ్గరివి తెల్లగా, దూరమైనవి నల్లగా ఉంటాయి. దీన్ని డెప్త్ మ్యాప్ అంటారు. దీన్ని హద్దుగా పెట్టి, "పాత సున్నపురాయి" అన్న సూచనను జతచేసి డిఫ్యూజన్ మోడల్ అనే, బొమ్మలు గీసే ఏఐకి ఇస్తారు. అది ఇసుక చల్లినట్టుండే గజిబిజి చుక్కల నుంచి మొదలుపెట్టి, దశలవారీగా ఆ గజిబిజిని తుడుస్తూ పోతుంది. శిక్షణలో చూసిన కోట్ల బొమ్మల్లో ఇలాంటి ఆకారానికి, ఇలాంటి మాటకు ఏ రంగులు ఎక్కువగా జతపడ్డాయో వాటివైపు జరుగుతూ పోతుంది. అలా వచ్చిన బొమ్మను ప్రొజెక్టర్ వేసినట్టు మోడల్ మీదకు వేస్తారు. తర్వాత మోడల్‌ను కొంచెం తిప్పి, ఇంకా పూత పడని చోటును మళ్లీ అదే పద్ధతిలో నింపుతారు. చుట్టూ తిరిగొచ్చేసరికి పూత పూర్తవుతుంది.

2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ విడుదల కావడంతో ఈ రకం ఏఐ సొంత కంప్యూటర్లలోకి వచ్చింది. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ వల్ల డెప్త్ మ్యాప్‌ను హద్దుగా చూపించడం తేలికైంది. 2025 జనవరిలో చైనా కంపెనీ టెన్సెంట్ విడుదల చేసిన హున్యువాన్ త్రీడీ 2.0లో రూపం తయారుచేసే భాగం వేరుగా, పూత వేసే భాగం వేరుగా ఉన్నాయి. చేతిలో ఉన్న మెష్‌ను ఇచ్చి పూత మాత్రమే వేయించుకోవచ్చు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కాలేజీ ల్యాబ్‌లో ఇది సాధ్యమయ్యే పని. ఒకప్పుడు అనుభవమున్న ఆర్టిస్టు రోజుల తరబడి కూర్చుని వేసే పూత ఇప్పుడు టీ తాగి వచ్చేలోపు తయారవుతోంది. ఆ సౌకర్యాన్ని తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు.

తప్పులు కూడా ఈ పద్ధతిలోంచే పుడతాయి. ఒక వైపు నుంచి వేసిన బొమ్మ, ఇంకో వైపు నుంచి వేసిన బొమ్మ కలిసే చోట రంగు తేడా వస్తుంది. వెనుక వైపు నింపేటప్పుడు ముందు వైపు ఏముందో టూల్‌కు సరిగా గుర్తుండకపోతే తల వెనుక కూడా ముఖం మొలుస్తుంది. రెండు ముఖాల రోమన్ దేవుడి పేరు మీద దీన్ని జానస్ సమస్య అంటారు. ఇవి కంటికి కనిపించే తప్పులు, సరిచేసుకోవచ్చు.

కనపడని తప్పు నీడలది. శిక్షణకు వాడిన ఫొటోలన్నిటిలోనూ ఏదో ఒక వెలుగు, ఏదో ఒక నీడ ఉన్నాయి. అందుకే ఏఐ వేసే రంగులో నీడ కూడా కలిసిపోయి వస్తుంది. ఆ మోడల్‌ను తెర మీద పెట్టి కొత్తగా వెలుగు వేస్తే, పూతలో ఎండిపోయిన నీడ మీద ఇంకో నీడ పడుతుంది. ఉన్న చెక్కడం ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. అరిగిపోయిన శాసనాలు చదివేవారు వెలుగును రాతికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేసి అక్షరాల గాడులు వెతుకుతారు. త్రీడీ మోడల్‌లో ఈ పని కూర్చున్నచోటి నుంచే చేయవచ్చన్నది ఎంత పెద్ద లాభమో, పూతలో దొంగ నీడలుంటే అది అంత పెద్ద మోసమవుతుంది.

మూడు ఊళ్లకు చేరిన ఒక రాయి

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలను పలనాటి సున్నపురాయిలో చెక్కారు. లేత ఆకుపచ్చ జాడ ఉన్న తెలుపు, బూడిద రంగు రాయి అది. దాన్ని చాలాకాలం పాలరాయి అని పిలిచినా నిజానికి పాలరాయి కాదు. ఇప్పుడు ఆ శిల్పాలు ఒకచోట లేవు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, అక్కడ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట ఉన్నాయి. 1859లో వాటిలో చాలా భాగం లండన్‌కు ఓడెక్కింది. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు 120కి పైగా ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో పెద్ద సేకరణ ఉంది. మిగిలినవి అమరావతిలో, ఇంకా ఇతర చోట్ల ఉన్నాయి.

ఒకే స్తూపం రాళ్లు మూడు ఊళ్లలో మూడు రకాలుగా బతికాయి. ఒకటి అద్దాల గదిలో, అదుపులో ఉన్న తేమలో ఉంది. ఒకటి సముద్రపు గాలి తిన్నది. ఒకటి కృష్ణ ఒడ్డున మట్టిలోనే ఎక్కువకాలం ఉండిపోయింది. వీటి స్కాన్‌లన్నిటినీ తెచ్చి మొత్తం స్తూపాన్ని తెర మీద తిరిగి నిలబెట్టాలన్న కోరిక తెలుగువారికి కలగడం సహజం. తప్పక జరగాల్సిన పని కూడా. ఆ పనిలో మొదటి చిక్కు రంగే. పక్కపక్కనే పెడితే రాళ్లు ఒకదానితో ఒకటి కలవవు. అన్నిటికీ ఒకే తీరు పూత వేయమని ఏఐకి చెబితే క్షణాల్లో కలిసిపోతాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. దాంతో ఆ రాళ్ల 180 ఏళ్ల చరిత్ర చెరిగిపోతుంది. వానకు కారిన చారలు, శుభ్రం చేసినప్పుడు పోయిన పొర, నేలలో ఎక్కడిదాకా పూడి ఉందో చెప్పే గీత, ఇవన్నీ పరిశోధకులకు ఆధారాలు.

రాయి రంగులోనే ఇంకో చిక్కు ఉంది. పలనాటి రాయి ఫొటోలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? గ్రీకు, ఇటలీ పాలరాతి ఫొటోలు, రాజస్థాన్ ఇసుకరాతి ఫొటోలు ఎన్ని ఉంటాయి? ఎక్కువ చూసినదాని వైపే ఏఐ ఊహ ఒరుగుతుంది. "ప్రాచీన భారతీయ బౌద్ధ శిల్పం" అని సూచన ఇస్తే తేనె రంగు, ఎర్ర మట్టి రంగు వైపు పోయే అవకాశం ఎక్కువ. ఆ లేత ఆకుపచ్చ జాడను మాటల్లో అడిగి తెప్పించుకోవడం కంటే, రంగుల కార్డు పక్కన పెట్టి తీసిన అసలు రాతి ఫొటోను నమూనాగా ఇవ్వడం మేలు. 24 రంగు గళ్లుండే ఆ కార్డు ఫొటోగ్రాఫర్లు 1970ల నుంచి వాడుతున్నదే. గదిలోని దీపం పసుపుదైనా నీలందైనా, కార్డును చూసి అసలు రంగును లెక్కగట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఖాళీ సింహాసనానిది. అమరావతి తొలి దశ చెక్కడాల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపలేదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధి చెట్టు, ధర్మచక్రం, స్తూపం, ఈ గుర్తులే ఆయన ఉనికి. చుట్టూ భక్తులు చేతులు జోడించి ఉంటారు, నడుమ పీఠం ఖాళీగా ఉంటుంది. తర్వాతి దశలో మనిషి రూపం వచ్చింది. ఒక పలక ఏ దశదో నిర్ణయించడంలో ఈ తేడా ముఖ్యమైనది. ఇప్పుడు పీఠం దగ్గర రాయి పెచ్చులూడిపోయిన పలకను ఏఐకి ఇస్తే ఏమవుతుంది? అది చూసిన బౌద్ధ బొమ్మల్లో పీఠం మీద కూర్చున్న బుద్ధుడే ఎక్కువ. పెచ్చులూడిన ఎగుడుదిగుళ్లలో ఒక భుజాన్నో తల చుట్టూ వెలుగు వలయాన్నో లీలగా గీసేస్తుంది. నార్మల్ మ్యాప్ కూడా దానిదే అయితే, వెలుగు తిప్పినప్పుడల్లా ఆ భుజం నిజమైన చెక్కడంలాగే నీడ వేస్తుంది. చూసిన విద్యార్థి ఆ పలకను తర్వాతి దశలో చేరుస్తాడు. ఒక ఊహ కాలనిర్ణయాన్నే మార్చేసినట్టవుతుంది.

శాసనాల సంగతీ అంతే. అమరావతి రాళ్ల మీద ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లున్నాయి. మెష్ వివరం చాలని చోట ఏఐ "పాత రాతి మీద గీతలు" అని తోచినవి గీస్తుంది. అవి అక్షరాల్లా ఉంటాయి, అక్షరాలు కావు. చెక్కిన వ్యక్తి, ఇచ్చిన దాత రెండువేల ఏళ్ల కిందట రాయించుకున్న పేరు మీద అలాంటి గీత ఒక్కటి కూడా పడకూడదు. శాసనం ఉన్న భాగాన్ని ముందే గుర్తించి, ఏఐ చెయ్యి వేయడానికి వీల్లేకుండా మాస్క్ వేసి మూసేయాలి. ఇందులో రాజీకి చోటులేదు.

అసలు రంగే లేనప్పుడు

రాతికి కనీసం ఒక రంగుంది, కెమెరా దాన్ని చూసింది. శాస్త్రంలో చాలా వస్తువులకు అదీ లేదు. కరోనా వైరస్‌ను అందరూ బూడిద రంగు బంతి మీద ఎర్రని ముళ్లతో గుర్తుపడతారు. 2020లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చిత్రకారులు తయారుచేసిన రూపం అది. వైరస్ వ్యాసం సుమారు 100 నానోమీటర్లు. కంటికి కనిపించే వెలుగు తరంగాలు 400 నానోమీటర్ల దగ్గర మొదలవుతాయి. వెలుగు తరంగం కంటే అంత చిన్నదైన వైరస్‌కు మనం అనుకునే అర్థంలో రంగు ఉండదు. ఆ ఎరుపును మనుషులే ఎంచుకున్నారు. ప్రోటీన్ మోడల్స్‌లో ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, కార్బన్ నలుపు లేదా బూడిద, సల్ఫర్ పసుపు అన్నవి కూడా ఒప్పందాలే. అందరూ ఒకే ఒప్పందం పాటిస్తారు కాబట్టి వాటికి అర్థం ఉంది. "అందంగా రంగులు వేయి" అని ఏఐకి చెబితే ఆ ఒప్పందం తెగిపోతుంది. ఎరుపు ఎక్కడుంటే అక్కడ ఆక్సిజన్ అని చదివే ఇంటర్ విద్యార్థికి ఆ మోడల్ తప్పు రసాయనశాస్త్రం నేర్పుతుంది.

సీటీ స్కాన్ ఇంకో రకం. 1971లో మొదటి రోగి మీద వాడిన ఈ యంత్రం రంగును చూడదు, ఎక్స్‌రేలను ఏ కణజాలం ఎంత అడ్డుకుందో చూస్తుంది. నీళ్లకు సున్నా, గాలికి మైనస్ 1000 అని సంఖ్యలు ఇస్తుంది. కాలేయం మామూలుగా 50, 60ల దగ్గర ఉంటుంది. ఈ సంఖ్యల నుంచి కాలేయం రూపాన్ని వేరుచేసి త్రీడీలో చూపించవచ్చు. దానికి పూత వేయమని ఏఐని అడిగితే తడిగా మెరిసే ముదురు గోధుమ ఎరుపు కాలేయం వస్తుంది, అక్కడక్కడా పసుపు మచ్చలు కూడా రావచ్చు. బొమ్మకు సహజత్వం కోసం వచ్చిన మచ్చలవి. కానీ కొవ్వు పట్టిన కాలేయం పసుపు రంగుకు తిరుగుతుందని వైద్య విద్యార్థి చదువుకుని ఉంటాడు. ఆ మచ్చను అతను జబ్బుగా చదువుతాడు. ఉపరితలం బుడిపెలుగా కనిపిస్తే కాలేయం గట్టిపడే సిర్రోసిస్ జబ్బు అనుకుంటాడు.

ఇక్కడ బాధ కలిగించే విషయం ఒకటుంది. కొవ్వు ఉందో లేదో సీటీ సంఖ్యల్లోనే ఉంది. కొవ్వు చేరిన కాలేయంలో ఆ సంఖ్య తగ్గుతుంది. ఎక్కడ తగ్గిందో అక్కడ పసుపు, ఎక్కడ మామూలుగా ఉందో అక్కడ గోధుమ ఎరుపు అని సంఖ్యను బట్టి రంగు వేయడం చిన్న ప్రోగ్రాం పని. కొలిచిన సమాచారం చేతిలో ఉండగా దాన్ని పక్కనపెట్టి ఊహను తెచ్చుకోవడం ఎందుకు? గుంటూరు వైద్య కళాశాల లాంటి చోట అనాటమీ హాల్లో విద్యార్థులు చూసేది ఫార్మాలిన్‌లో ఉంచిన, రంగు మారిన అవయవాలను. ఆపరేషన్ థియేటర్‌లో కనిపించేది రక్తం పారే, ముదురు రంగు అవయవం. మోడల్‌లో చూపేది ఈ రెండింటిలో ఏదన్నది ముందే తేల్చుకుని రాయాలి. ధమనులు ఎరుపు, సిరలు నీలం అన్న పుస్తకాల ఒప్పందం పాటిస్తున్నారా లేదా అన్నది కూడా.

నల్ల తామర పసుపు రంగులో వస్తే

గుంటూరు రైతుకు రంగు విలువ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. యార్డులో మిరపకాయ ధర రంగు మీదే నడుస్తుంది. 2021-22 పంటకాలంలో మిర్చి పూతను పీల్చేసిన పురుగును రైతులు నల్ల తామర అన్నారు. శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. అంతకుముందు నుంచీ మిరపలో ఉన్న తామర పురుగు వేరు, అది స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్, లేత పసుపు రంగులో ఉంటుంది. పాతది ఎక్కువగా ఆకు మీద ఉండి పైముడత తెస్తే, కొత్తది పూలలో గుంపులుగా చేరి పూత రాల్చింది. రెండూ మిల్లీమీటరు అటూ ఇటూ ఉండేవే.

ఇంత చిన్న పురుగు రూపం త్రీడీలో చూపాలంటే మైక్రో సీటీ స్కానో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపో కావాలి. రెండూ రంగు చూడవు. రైతు శిక్షణ కోసం గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలోనో వ్యవసాయ కాలేజీలోనో ఇలాంటి మోడల్ తయారుచేయాలనుకుంటే రంగు ఏఐ వేస్తే బాగుండుననిపించడం సహజం. అక్కడ ఒక చిక్కు పొంచి ఉంది. ఇంగ్లిష్‌లో చిల్లీ థ్రిప్స్ అన్న వాడుక పేరు పాత పసుపు పురుగుది. ఆ పేరు టైపు చేస్తే ఏఐ పసుపు పురుగును ఇచ్చే అవకాశమే ఎక్కువ, మన రైతును ముంచింది మాత్రం నల్లది. ఆడ పురుగు పొట్ట ముదురు రంగు, మగ పురుగు పసుపు. పొలంలో భూతద్దంతో పూవును విప్పి చూసే రైతు గుర్తుపట్టేది ఆ రంగునే. మోడల్ తప్పు రంగు చూపితే తప్పు పురుగుకు మందు కొడతాడు. ఆ ఖర్చు ఎకరాల లెక్కన ఉంటుంది.

సరైన దారి కష్టమేమీ కాదు. అసలు పురుగును సాధారణ మైక్రోస్కోపు కింద పెట్టి, మంచి వెలుగులో నాలుగు వైపుల నుంచి రంగు ఫొటోలు తీసి, వాటినే నమూనాగా ఇవ్వాలి. మధ్యలో మిగిలే చిన్న ఖాళీలను ఏఐ నింపితే ఫరవాలేదు. అయిన తర్వాత కీటకశాస్త్రం తెలిసినవారు ఒకరు చూసి సరేననాలి.

రంగుకు ఆధారం ఎక్కడో ఒకచోట దొరుకుతుందని నమ్మి వెతకడం వల్ల శాస్త్రానికి మంచే జరిగింది. డైనోసార్ల రంగు ఎప్పటికీ తెలియదని చాలాకాలం అనుకున్నారు. 2010లో చైనా శిలాజాల ఈకల్లో రంగు కణాల ఆకారాన్ని మైక్రోస్కోపులో చూసి, సైనోసారాప్టెరిక్స్ తోక మీద ఇటుక రంగు, తెలుపు పట్టీలు ఉండేవని పరిశోధకులు చెప్పగలిగారు. అప్పటిదాకా వేసిన బొమ్మల్లో రంగులన్నీ చిత్రకారుల ఊహలు. అంత అందమైన ఊహలు ఉన్నా సంతృప్తి పడకుండా వెతికారు కాబట్టే దొరికింది.

ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

ఏఐని దూరం పెట్టమని ఇదంతా చెప్పడం కాదు. అది బాగా చేసే పనులున్నాయి. ఫొటోలో అడ్డం వచ్చిన తాడును, స్టాండును తీసేయడం. ఫొటోల్లో పడిన నీడలను రంగు నుంచి విడదీయడం. స్తూపం చుట్టూ నేల, గడ్డి, ఆకాశం లాంటి, ఎవరూ కొలవని నేపథ్యాన్ని నింపడం. "ఇలా ఉండి ఉండవచ్చు" అని నాలుగైదు రకాల ఊహలను పక్కపక్కన చూపించడం. బడి పిల్లలకు కాలేయం ఎక్కడుంటుందో చూపించే మోడల్‌కు పూత ఏఐదైనా నష్టం లేదు. అదే మోడల్ మెడికల్ కాలేజీకి వెళ్తే నష్టం ఉంది. వస్తువు ఒకటే అయినా, దాన్ని చూసి ఎవరు ఏం నిర్ణయిస్తారు అన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది.

2024 సెప్టెంబరు వరద తర్వాత విజయవాడ వీధుల్లో గోడల మీద నీటి గీతలు మిగిలాయి. బుడమేరు నీళ్లు ఏ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పే సాక్ష్యం ఆ గీత. డ్రోన్ ఫొటోలతో ఆ వీధి మోడల్ చేసి, గోడలు "శుభ్రం" చేయమని ఏఐకి ఇస్తే మొదట పోయేది అదే.

ఎలా వాడాలన్నదానికి రోమ్‌లో చిత్రాల పునరుద్ధరణ చేసేవారి దగ్గర మంచి ఉపాయం ఉంది. 1939లో అక్కడ ఏర్పడిన పునరుద్ధరణ సంస్థ మొదటి డైరెక్టర్ చేజరే బ్రాండి ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న పద్ధతి అది. పాత చిత్రంలో రంగు రాలిపోయిన చోట కొత్త రంగును సన్నని నిలువు గీతలుగా వేస్తారు. దూరం నుంచి చూస్తే చిత్రం నిండుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే గీతలు కనిపించి, ఇది తర్వాత వేసినదని తెలుస్తుంది. చూసేవారి ఆనందమూ పోదు, నిజమూ దాగదు. త్రీడీ మోడల్‌లో ఇది ఇంకా తేలిక. ఏఐ నింపిన భాగాలను చూపే మాస్క్ పొర ఒకటి ఉంచి, ఒక బటన్ నొక్కితే ఆ భాగాలు గీతలుగానో ఒకే బూడిద రంగులోనో మారేలా పెట్టవచ్చు.

ఇంకో పరీక్ష కూడా చేయదగ్గది. ఒకే సూచనతో, ఒకే మెష్‌కు ఎనిమిది సార్లు పూత వేయించాలి. ప్రతిసారీ మారిపోయే చోట ఏఐకి ఆధారం లేదని ఖాయంగా తెలుస్తుంది. కానీ ఎనిమిది సార్లూ ఒకేలా వచ్చిన చోటు నిజమని అనుకోకూడదు. ఖాళీ సింహాసనం మీద ఎనిమిది సార్లూ బుద్ధుడు రావచ్చు. అది ఏఐకి ఉన్న అలవాటు చెప్పిన మాట, రాయి చెప్పింది కాదు.

సాంస్కృతిక వారసత్వాన్ని కంప్యూటర్‌లో చూపించేవారి కోసం తయారైన లండన్ చార్టర్, ఏ భాగం ఆధారంతో చేశారు, ఏది ఊహ, ఏ కారణంతో అలా ఊహించారు అన్నది రాసిపెట్టాలని కోరుతుంది. ఆ రాతలకు పారాడేటా అని పేరు. త్రీడీ మోడల్స్ పంచుకోవడానికి ఎక్కువగా వాడే జీఎల్‌టీఎఫ్ ఫైళ్లలో ఇలాంటి అదనపు సమాచారం రాసుకోవడానికి చోటు ముందే ఉంది. ఏ టూల్, ఏ వెర్షన్, ఏ సూచన, ఏ తేదీ, ఏ పొరలు ఏఐవి, ఎవరు తనిఖీ చేశారు అని పది వరుసలు చాలు. ఫైలు చేతులు మారినా ఆ వరుసలు దానితోనే వెళ్తాయి. అయితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలును తిరిగి సేవ్ చేసేటప్పుడు వాటిని వదిలేస్తాయి, అందుకని ఒక కాపీ విడిగా కూడా ఉంచుకోవాలి.

మళ్లీ ఆ విద్యార్థి పలక దగ్గరికి వస్తే, అతను చేయాల్సింది స్పష్టమే. ముందు వైపు ఫొటోల నుంచి వచ్చిన పూతను అలాగే ఉంచాలి, నార్మల్ మ్యాప్ మెష్ కొలతల నుంచే తీయాలి. పై అంచులోని చిన్న ఖాళీలను ఆ రాతి ఫొటోలనే నమూనాగా ఇచ్చి ఏఐతో నింపవచ్చు, మాస్క్‌లో గుర్తుపెట్టి. వెనుక వైపును మామూలు బూడిద రంగులో వదిలేయాలి. 150 ఫొటోలనూ మోడల్‌తో పాటు భద్రం చేయాలి. ఏదో ఒక రోజు మరమ్మతు కోసమో, గది మార్చడం కోసమో ఆ పలకను గోడ నుంచి జరుపుతారు. ఆ రోజు ఎవరో వెనుక వైపు ఫొటోలు తీస్తారు. బూడిద రంగు ఉన్న చోట అవి సరిగ్గా కూర్చుంటాయి, అంచులో ఏఐ నింపిన పొరను మాస్క్ చూసి తీసేసి అక్కడ కూడా అసలు రాయిని పెడతారు.